దొంగ చీటీ

పిల్లలూ,

పోయిన నెల సాలెపురుగు గూడు అల్లే విధానం చెప్పుకున్నాం. ఈ నెల చెప్పబోయేది అంతకన్న ఎంతో చిన్నదాని సంగతి. అసలు దాన్ని ప్రాణి అనాలో అనకూడదో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే ఇంకా తేల్చుకోలేదు. అయినా అది చేసే పని వింటే మీరు ముక్కున వేలు వేసుకుంటారు.

పల్లెటూళ్ళలో ఉండేవాళ్ళు శనగచేలోనో, కందిచేలోనో ఈ వింత చూసే ఉంటారు. మామూలుగా కాయలో తల దూర్చి గింజ తినే పచ్చపురుగు ఒకనాడు కాయను వదిలిపెట్టి మొక్క చివరికి పాకుతుంది. అక్కడ వెనక కాళ్ళతో కొమ్మను పట్టుకుని తలకిందుగా వేలాడి చచ్చిపోతుంది. దాని ఒళ్ళు నల్లబడి మెత్తని తిత్తిలాగా అయిపోతుంది. పుల్లతో తాకితే చాలు, తిత్తి పగిలి లోపలి రసం కింది ఆకుల మీద బొట్లుబొట్లుగా పడుతుంది. ఎవరూ మందు కొట్టలేదు, పిట్టా పొడవలేదు. మరి పురుగు ఎందుకు చచ్చింది? చావబోయే ముందు పైకెందుకు ఎక్కింది?

దానికి జబ్బు చేసింది. ఆ జబ్బు తెచ్చేది ఒక వైరస్. దాని పేరు బాక్యులోవైరస్. లాటిన్ భాషలో బాక్యులం అంటే కర్ర. చిన్న కర్రపుల్ల ఆకారంలో ఉంటుంది గనక ఆ పేరు పెట్టారు. ఒక మిల్లీమీటరును నాలుగు వేల ముక్కలు చేస్తే, అందులో సుమారు ఒక ముక్కంత పొడుగు ఉంటుంది ఆ పుల్ల. ఇటువంటి పుల్లలు అనేకం కలిసి ఒక పెట్టెలో భద్రంగా ఉంటాయి. ఆ పెట్టె తయారైంది చెక్కతోనూ కాదు, రేకుతోనూ కాదు, మాంసకృత్తుతో. మీ పాఠ్యపుస్తకాలలో ప్రోటీన్లు అని చదువుతున్నారే, వాటినే మేము మాంసకృత్తులు అనేవాళ్ళం. పప్పులోనూ, గుడ్డులోనూ, మీ కండలలోనూ, గోళ్ళలోనూ ఉండేవి అవే.

బాగా జబ్బుపడిన ఒక్క శనగపచ్చ పురుగులో ఇటువంటి పెట్టెలు దాదాపు 600 కోట్లు ఉంటాయి. ఈ భూమి మీద ఉన్న మనుషులందరినీ లెక్కపెడితే 800 కోట్ల పైచిలుకు. మీ చిటికెనవేలంత పురుగులో ఎన్ని పెట్టెలు పట్టాయో చూశారా!

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. వైరస్‌కు నోరు లేదు, కడుపు లేదు. అది తినదు, ఊపిరి పీల్చదు. ఒక్క మాంసకృత్తు కూడా తనంతట తాను చేసుకోలేదు. అటువంటిది కొద్ది రోజులలో ఒక పురుగు ఒంటినిండా అన్ని పెట్టెలు ఎలా నింపింది?

జవాబు ముందే చెప్పేస్తాను. వైరస్ వాటిని చెయ్యలేదు. పురుగు చేతనే చేయించింది. ఎలా చేయించిందో తెలియాలంటే మనం ముందుగా ఒక పెళ్ళివారింటి వంటశాలకు వెళ్ళి రావాలి.

పెళ్ళివారి వంటశాల

పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. గుండిగలు ఎక్కించారు. పదిమంది వంటవాళ్ళు ఉన్నారు. సరుకుల కొట్లో బియ్యం, పప్పు, బెల్లం, నెయ్యి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఏ పూట ఏమి వండాలో, ఎలా వండాలో ఇంటి పెద్దాయన దగ్గర ఒక పెద్ద పుస్తకంలో రాసి ఉన్నది. ఆ పుస్తకాన్ని ఆయన తన గది దాటనివ్వడు. గుమాస్తా ఆ గదిలోనే కూచుని, అప్పటికి కావలసిన వంటకం మాత్రం ఒక చీటీ మీద ఎక్కించి వంటశాలకు పంపుతాడు. వంటవాళ్ళు చీటీ చదువుకుంటారు, సరుకులు తెచ్చుకుంటారు, వండుతారు. చీటీలో బూరెలని ఉంటే బూరెలు, పులిహోర అని ఉంటే పులిహోర. ఆ చీటీ ఎవరు రాశారని వాళ్ళు అడగరు.

మన ఒంట్లోగాని, పురుగు ఒంట్లోగాని ప్రతి జీవకణమూ ఇలాంటి వంటశాలే. కణం మధ్యనుండే కేంద్రకం పెద్దాయన గది. అందులోని డి.ఎన్.ఎ. ఆ పెద్ద పుస్తకం. పుస్తకంలోంచి ఎక్కించిన చీటీని ఆర్.ఎన్.ఎ. అంటారు. చీటీ చదివి వండే వంటవాళ్ళు రైబోసోములు. సరుకులు అమినో ఆమ్లాలు. అవి ఇరవై రకాలు.

డి.ఎన్.ఎ. భాషకు అక్షరాలు నాలుగే నాలుగు. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక సరుకు పేరు అవుతుంది. రైబోసోము చీటీ మీద మూడేసి అక్షరాలు చదువుకుంటూ పోయి, ఒక అమినో ఆమ్లం పక్కన ఇంకొకదాన్ని దండలో పూసల్లాగా గుచ్చుతుంది. దండ ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. అదే మాంసకృత్తు.

ఇప్పుడు ఒక దొంగ దొడ్డిదారిన వచ్చి, పెద్దాయన గదిలో తన పుస్తకం ఒకటి పెట్టాడనుకోండి. ఏమవుతుంది? బాక్యులోవైరస్ చేసేది అదే.

దొంగ వచ్చే దారి

పురుగు ఆకు తింటుంది. ఆకు మీద వైరస్ పెట్టె ఉంటే అదీ లోపలికి పోతుంది. మన కడుపులోని రసం పుల్లనిది. గొంగళిపురుగు పేగులోని రసం అందుకు పూర్తిగా వ్యతిరేకం, చాకలిసోడా నీళ్ళవంటిది. వానకు కరగని ఆ పెట్టె ఈ రసంలో ఇట్టే కరిగిపోతుంది. పుల్లలు బయటపడి పేగు గోడలో ఉండే కణాలలోకి దూరుతాయి. పుల్లలో చుట్టిపెట్టి ఉన్న డి.ఎన్.ఎ. కేంద్రకంలోకి చేరుతుంది. అదే దొంగ పుస్తకం.

ఆ పుస్తకం ఎంత పెద్దదో తెలుసునా? ఈ జాతి వైరస్‌లలో శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశీలించినది అమెరికాలో లూసర్న్ గడ్డి తినే ఒక పురుగులో దొరికింది. దాని డి.ఎన్.ఎ.ను 1994లో మొదటినుంచి చివరిదాకా చదివారు. అందులో సుమారు 1,34,000 అక్షరాలున్నాయి. పేజీకి 1,500 అక్షరాల చొప్పున అచ్చు వేస్తే 90 పేజీల పుస్తకం అవుతుంది. అందులో 150 వంటకాల దాకా ఉన్నాయి.

ఈ దొంగ తొందరపడడు. తన చీటీలను మూడు విడతలుగా పంపుతాడు.

మొదటి విడత తొలి ఆరు గంటలలో జరుగుతుంది. ఇంటి గుమాస్తా దొంగ పుస్తకంలోని కొన్ని పేజీలను ఇంటివే అనుకుని చీటీల మీద ఎక్కిస్తాడు. ఈ చీటీలతో తయారయ్యేవి పనిముట్లు. దొంగ పుస్తకానికి నకళ్ళు తీసే పనిముట్లు, తరవాతి చీటీలు ఎక్కించటానికి దొంగ తరపు గుమాస్తా, అన్నీ వంటశాలలోనే తయారవుతాయి. ఇంకొకటి కూడా తయారవుతుంది. జీవకణానికి ఒక గొప్ప గుణం ఉన్నది. తనకు రోగం తగిలిందని గ్రహించగానే అది తనంతట తాను చచ్చిపోయి ఇరుగుపొరుగు కణాలను కాపాడుతుంది. అలా చావనివ్వకుండా ఈ వైరస్ ఒక మాంసకృత్తు చేయిస్తుంది. దాని పేరు పి-35. అమెరికాలో లోయిస్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞురాలి ప్రయోగశాలలో 1991లో ఈ సంగతి బయటపడింది.

రెండో విడత ఆరు గంటల తరవాత మొదలై సుమారు ఒక రోజుదాకా నడుస్తుంది. ఇప్పుడు దొంగ గుమాస్తా పనిలోకి దిగుతాడు. పుల్లల పై తొడుగుకు కావలసిన మాంసకృత్తులు తయారవుతాయి. ఒక్కొక్క తొడుగులో ఒక్కొక్క నకలు పుస్తకం చేరుతుంది. ఈ కొత్త పుల్లలు కణం గోడలోంచి బయటికి వచ్చి పక్క కణాలలోకి పోతాయి. వీటికి పెట్టె ఉండదు. ఒంట్లోనే తిరిగేవాటికి పెట్టె ఎందుకు?

మూడో విడత ఒక రోజు తరవాత మొదలై మూడో రోజు దాకా సాగుతుంది. ఇప్పటికి ఇంటి వంటలు చాలావరకు ఆగిపోయినై. పొయ్యిల మీద ఉన్నదంతా దొంగ వంటే. అందులోనూ ముఖ్యంగా ఒకే ఒక్క వంటకం. అది పెట్టెలు చేసే మాంసకృత్తు. దాన్ని పాలీహెడ్రిన్ అంటారు.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. పాలీహెడ్రిన్ 245 అమినో ఆమ్లాల దండ. ఒక్కొక్కదానికి మూడేసి అక్షరాలు. 245ను మూడుతో హెచ్చవేస్తే 735. అంటే 90 పేజీల పుస్తకంలో ఇది ఒక్క అర పేజీ! కాని చివరికి కణంలో ఉన్న మొత్తం మాంసకృత్తులో సగందాకా ఆ అర పేజీ చెప్పిన పాలీహెడ్రినే అవుతుంది. ఈ అర పేజీని గుర్తుపెట్టుకోండి. దీనితో మనకు ముందు ముందు పనున్నది.

అన్ని పెట్టెలు ఎందుకూ అంటారా? పురుగు చచ్చిపోతే వైరస్‌కు ఇల్లు పోతుంది. బయట ఎండ ఉన్నది, వాన ఉన్నది. ఉత్త పుల్లలు అక్కడ బతకలేవు. పెట్టెలో ఉన్నవి మట్టిలో ఏళ్ళతరబడి చెడకుండా ఉండి, ఇంకో పురుగు తినేదాకా కాచుకుంటాయి. అందుకని ఆఖరున వైరస్ మరికొన్ని మాంసకృత్తులు చేయించి పురుగు ఒంటిని కరిగించి రసం చేస్తుంది. రసం కారితే పెట్టెలు కింది ఆకుల మీద పడతాయి. పై కొమ్మ నుంచి కారితే ఎక్కువ ఆకుల మీద పడతాయి గదా! పురుగును పైకి ఎక్కించేది కూడా కొన్ని వైరస్‌ల పుస్తకంలో ఉన్న ఒక వంటకమేనని, అడవిచెట్ల ఆకులు తినే ఒక గొంగళిపురుగును పరిశీలించి అమెరికా శాస్త్రజ్ఞులు 2011లో చూపించారు. చేలో మనం చూసిన వింతకు కారణం ఇదన్నమాట.

ఒకరికి శాపం, ఒకరికి వరం

హిందూపురం, మదనపల్లె, పలమనేరు ప్రాంతాలలో పట్టుపురుగులు పెంచే రైతులకు ఈ వైరస్ చుట్టం ఒకటి బాగా తెలుసు. అది తెచ్చే జబ్బును గ్రాసరీ అంటారు. పట్టుపురుగు పాతిక రోజులు మల్బరీ ఆకు మేసి, నాలుగుసార్లు కుబుసం విడిచి, ఆ తరవాత గూడు కడుతుంది. గ్రాసరీ చాలాసార్లు పురుగు పెద్దదై, ఇక రేపోమాపో గూడు కడుతుందనగా బయటపడుతుంది. పురుగు చర్మం నిగనిగలాడుతుంది. కణుపుల మధ్య ఉబ్బుతుంది. మేత మానేసి తట్ట అంచుల వెంట పాకుతుంది. ఒంటిలోంచి పాలలాంటి ద్రవం కారుతుంది. ఆ ద్రవంలో ఉన్నవి పెట్టెలే. అప్పటికి ఆకు ఖర్చు, కూలి ఖర్చు, ఇంటిల్లిపాదీ పడ్డ చాకిరీ అంతా అయిపోయి ఉంటుంది. పురుగు పాలు కారితే ఆ ఇంట కన్నీళ్ళు కారతాయి. జబ్బు తగిలిన పురుగుకు మందు లేదు. గదినీ తట్టలనూ శుభ్రం చేసి, సున్నమూ బ్లీచింగు పొడీ చల్లి, జబ్బు పురుగులను ఏరి పూడ్చిపెట్టటమే దారి.

అదే జాతి వైరస్ శనగ రైతుకు చేదోడుగా ఉంటుంది. జబ్బుపడి చచ్చిన పచ్చపురుగుల రసాన్ని వడకట్టి చేసిన ద్రావణాన్ని ఎన్.పి.వి. అని అమ్ముతారు. దాన్ని చేలో చల్లితే పచ్చపురుగు మాత్రమే చస్తుంది. తేనెటీగకు గాని, పిట్టకు గాని, మనిషికి గాని ఏమీ కాదు. ఎండ తగిలితే వైరస్ చచ్చిపోతుంది గనక సాయంత్రంపూట చల్లుతారు. పురుగు ఇష్టంగా తినటానికి బెల్లం, ఎండనుంచి కాపాడటానికి బట్టలకు పెట్టే నీలిమందు కలుపుతారు. ఒక వైరస్‌కు ఏ పురుగు సరిపడుతుందో ఆ పురుగుతోనే దానికి పని.

అర పేజీ మార్చినవాళ్ళు

పట్టుపురుగుల రసంలో మెరిసే గింజలున్నాయని ఇటలీ దేశంలో కోర్నాలియా, మాయెస్ట్రీ అనేవాళ్ళు 1856లోనే సూక్ష్మదర్శినిలో చూశారు. ఆ గింజలే మన పెట్టెలు. వాటిలో పుల్లల్లాంటి వైరస్‌లు ఉన్నాయని 1947లో జర్మనీలో బెర్గోల్డ్ అనే ఆయన చూపించాడు. 1962లో ఆస్ట్రేలియాలో టామస్ గ్రేస్ అనే ఆయన, పురుగు ఒంటిలోంచి తీసిన కణాలను గాజుపాత్రలో పోషకద్రవం పోసి ఎంతకాలమైనా పెంచవచ్చునని చేసి చూపించాడు. ఆ తరవాత అమెరికాలో ఒక పురుగు అండాశయంలోంచి తీసిన కణాలు గాజుపాత్రలలో బాగా పెరిగాయి. ఆ సంగతి 1977లో ప్రకటించారు. ఆ పురుగు ఏదో తెలుసునా? 2018లో మన దేశానికి వచ్చి మొక్కజొన్న రైతులను ఏడిపిస్తున్న కత్తెర పురుగే! ఆ కణాల సంతతి ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెరుగుతూనే ఉన్నది. సుమారు రోజుకొకసారి ఒక కణం రెండవుతుంది.

ఇక అసలు కథ. అమెరికాలోని టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో మాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ అనే ఇద్దరు ఈ వైరస్‌ను పరిశీలిస్తున్నారు. వాళ్ళ ఆలోచన ఇలా సాగింది. గాజుపాత్రలో ఎండ లేదు, వాన లేదు. అక్కడ పెట్టె లేని పుల్లలే ఒక కణంలోంచి ఇంకో కణంలోకి పోగలుగుతున్నాయి. అంటే గాజుపాత్రలో వైరస్‌కు పెట్టెలు అక్కరలేదు. అయినా కణం తన శక్తిలో సగం ఆ పెట్టెలకే ఖర్చుపెడుతున్నది. ఆ అర పేజీని తీసివేసి, దాని స్థానంలో మనుషులకు పనికివచ్చే మాంసకృత్తు ఒకటి రాసిపెడితే? వంటవాళ్ళు అంత జోరుగానూ దాన్నే వండుతారు గదా!

రాయటం తేలిక కాదు. 90 పేజీల పుస్తకం పొడుగైనది, దాన్ని కోసి అతకటం కష్టం. అందుచేత వాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఒక చిన్న డి.ఎన్.ఎ. ఉంగరం తీసుకున్నారు. అందులో తమకు కావలసిన వంటకం రాసి, దానికి అటూ ఇటూ పాలీహెడ్రిన్ పేజీకి ముందూ వెనకా ఉండే పంక్తులే పెట్టారు. ఆ ఉంగరాన్నీ, వైరస్ డి.ఎన్.ఎ.నూ ఒకే కణంలోకి పంపారు. అటూ ఇటూ పంక్తులు కలిసినచోట, ఎప్పుడో వందకు ఒకటి కూడా కాకుండా, పాత పేజీ పోయి కొత్త పేజీ వచ్చి కూచుంటుంది. మరి ఆ ఒక్కదాన్ని పట్టుకోవటం ఎలా? అందుకు మార్గం వైరస్సే చూపించింది. పాత వైరస్ సోకిన కణం సూక్ష్మదర్శినిలో గింజలు నింపిన సంచిలాగా కనిపిస్తుంది. పేజీ మారిన వైరస్ సోకిన కణంలో గింజలు ఉండవు. ఓపికగా చూస్తూ గింజలు లేనివాటిని ఏరుకున్నారు.

మొదట వాళ్ళు రాసిన వంటకం ఇంటర్ఫెరాన్. మన ఒంట్లో వైరస్ ప్రవేశించినప్పుడు పక్క కణాలను హెచ్చరించే మాంసకృత్తులను ఇంటర్ఫెరాన్‌లు అంటారు. వాళ్ళు ఎంచుకున్నదానిలో అమినో ఆమ్లాలు 166. కత్తెర పురుగు కణాలు దాన్ని వండిపెట్టాయి. 1983లో సమ్మర్స్, స్మిత్, వాళ్ళతో పనిచేసిన మాల్కం ఫ్రేజర్ ఈ ఫలితాన్ని ప్రకటించారు. వైరస్‌ను అడ్డుకునే మాంసకృత్తును ఒక వైరస్ చేతనే రాయించి, ఒక పురుగు కణం చేత వండించారు!

రెండేళ్ళకు, 1985లో, జపానులో సుసుము మయెదా అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ గాజుపాత్ర కూడా లేకుండా బతికి ఉన్న పట్టుపురుగులలోనే ఇంటర్ఫెరాన్ తయారుచేశారు. గ్రాసరీ తెచ్చే వైరస్‌లోనే పేజీ మార్చారు. పట్టుపురుగులలో ఇలా తయారుచేసిన ఇంటర్ఫెరాన్ ఆ తరవాత పిల్లుల జబ్బుకు మందుగా కూడా వాడకంలోకి వచ్చింది.

"మాస్టారూ, ఇన్సులిన్‌ను బాక్టీరియాల చేత చేయిస్తారని మా పుస్తకంలో ఉన్నది. ఈ పురుగులెందుకు?" అని మీలో పెద్ద తరగతులవాళ్ళు అడగవచ్చు. మంచి ప్రశ్న. బాక్టీరియా వంటశాల చిన్నది. చిన్న దండలు బాగానే గుచ్చుతుంది. కాని కొన్ని మాంసకృత్తులు చాలా పెద్దవి. దండ గుచ్చాక సరి అయిన వంపులు తిప్పాలి, అక్కడక్కడ చక్కెర గొలుసులు తగిలించాలి. ఈ పనులకు వేరే గదులు కావాలి. బాక్టీరియాలో ఆ గదులు లేవు, పురుగు కణంలో ఉన్నాయి. అది తగిలించే చక్కెర గొలుసులు మన కణాలు చేసినంత పొడుగుగా ఉండవు. అయినా చాలా పనులకు అవి సరిపోతాయి.

పురుగు కణం పెట్టిన టీకా

ఇక మీ ఇళ్ళలో విన్న సంగతికే వద్దాం. 2019 చివర కోవిడ్ జబ్బు బయలుదేరింది. ఆ వైరస్ ఒంటినిండా ముళ్ళుంటాయి. ఆ ముల్లు 1,273 అమినో ఆమ్లాల దండ. ముల్లును మాత్రమే మన ఒంటికి చూపించగలిగితే, అసలు వైరస్ వచ్చేనాటికి మన రక్షకదళం దాన్ని ఆనవాలు పట్టి ఎదిరిస్తుంది. అమెరికాలోని నోవావాక్స్ సంస్థ ఆ ముల్లుకు చెందిన పేజీని, కాస్త సరిదిద్ది, బాక్యులోవైరస్‌లో పెట్టింది. కత్తెర పురుగు కణాలు పెద్ద పెద్ద తొట్లలో, 27 డిగ్రీల దగ్గరి వెచ్చదనంలో, ఆ ముళ్ళను తయారుచేశాయి. మన దేశంలో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఆ టీకాను కోవోవాక్స్ పేరుతో తయారుచేసింది. దానికి 2021 డిసెంబరులో పెద్దలకూ, 2022 మార్చిలో 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలకూ అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది.

ఆ 2022 మార్చిలోనే మన దేశంలో 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు బడులలో, ఆసుపత్రులలో వేసిన కోర్బెవాక్స్ టీకాను హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థ చేసింది. అందులో ఉన్నది ముల్లులో ఒక ముక్క. దాన్ని వండింది ఈస్టు కణాలు. వంటశాల వేరు, పద్ధతి ఒకటే.

కోవిడ్ రాకముందునుంచే పురుగు కణాలు ఇలాంటి పని చేస్తున్నాయి. ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వారంలో వచ్చే కాన్సరును నివారించే సెర్వారిక్స్ అనే టీకాకు 2007లో యూరప్‌లో అనుమతి వచ్చింది. అందులోని మాంసకృత్తు పురుగు కణాలలో తయారైనదే. 360 ముక్కలు వాటంతట అవే కూడి వైరస్ ఆకారంలో బంతి అవుతాయి. బంతి లోపల మాత్రం ఏమీ ఉండదు. దొంగ వేషమే గాని దొంగ లేడన్నమాట. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూబ్లాక్ అనే ఫ్లూ టీకా కూడా కత్తెర పురుగు కణాల నుంచి వచ్చినదే. మామూలుగా ఫ్లూ టీకాకు కోడిగుడ్లలో వైరస్‌ను పెంచుతారు. దీనికి గుడ్లూ అక్కరలేదు, ఫ్లూ వైరస్సూ అక్కరలేదు.

ఒకటి రెండు సందేహాలు

ఇదంతా చదివి, "అమ్మో, టీకాలో పురుగు ఉంటుందా?" అని చిన్నవాళ్ళు భయపడవచ్చు. పెద్దవాళ్ళు కూడా పైకి అనకపోయినా లోపల అనుకోవచ్చు. అడగవలసిన ప్రశ్నే, సిగ్గుపడ వలసిన పని లేదు.

టీకాలో పురుగు ఉండదు. తొట్టిలో పెరిగేవి విడి కణాలు. వాటికి కాళ్ళూ కళ్ళూ ఉండవు, అవి ఎప్పటికీ పురుగు కావు. వంట అయ్యాక కణాలనూ, వైరస్‌నూ తొలగించి, ఎన్నో వడపోతలు పోసి, కావలసిన మాంసకృత్తును మాత్రం వేరుచేస్తారు. బాక్యులోవైరస్ మన కణాలలో తన సంతతిని పెంచుకోలేదు. అది పురుగుల జబ్బు. ఇన్ని తెలిసినా శాస్త్రజ్ఞులు ఊరికే నమ్మి ఊరుకోరు. టీకాను వేలమందికి ఇచ్చి, ఎవరికి ఏమైనదో లెక్క రాసి, ఆ లెక్కలు అందరికీ చూపించిన తరవాతనే వాడకానికి అనుమతి అడుగుతారు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట మనవి చేస్తాను. టీకాలను గురించి ఫోనులలో ఎన్నో కబుర్లు వస్తూ ఉంటాయి. ఎవరు రాశారో తెలియదు, ఎక్కడ చూసి రాశారో తెలియదు. మన పిల్లలు మనం నమ్మినవే నమ్ముతారు. జీవకణం పాపం, తన చేతికొచ్చిన చీటీ ఎవరిదని అడగలేదు. అడగలేకనే ఆ పచ్చపురుగు కొమ్మకు వేలాడింది. మనకు అడిగే నోరున్నది. ఇది ఎవరు రాశారు, ఎలా తెలిసింది అని అడిగి, ఊళ్ళో డాక్టరునో, సైన్సు మాస్టారునో కనుక్కున్న తరవాతే పక్కవాళ్ళకు చెబుదాం.

పిల్లలూ, ఇంకొక్కటి గమనించండి. పట్టురైతును ఏడిపించే గుణమూ, టీకా చేసిపెట్టే గుణమూ ఈ వైరస్‌లో ఒక్కటే: కణం చేత జోరుగా ఒకే మాంసకృత్తును వండించటం. ఆ గుణాన్ని ఎవరూ మార్చలేదు. నూట పాతికేళ్ళకు పైగా కొందరు ఓపికగా చూసి, అది ఎలా జరుగుతుందో అర్థం చేసుకుని, అర పేజీ మార్చారు. అంతే.

ఈ నెల ప్రశ్నలు

1. గొంగళిపురుగు పేగులో కరిగిన పెట్టె వానకు ఎందుకు కరగలేదు?

2. ముల్లు మాంసకృత్తుకు 1,273 అమినో ఆమ్లాలు. దాని వంటకం రాయటానికి ఎన్ని అక్షరాలు కావాలి? మన లెక్క ప్రకారం ఎన్ని పేజీలు?

3. వైరస్ తన పెట్టెలను మొదటి విడతలోనే ఎందుకు చేయించదు? మొదటి ఆరు గంటలలోనే పెట్టెల పని మొదలుపెడితే దానికి వచ్చే నష్టమేమిటి?

4. మీ ఊళ్ళో శనగగాని, కందిగాని వేస్తే, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని చేనికి వెళ్ళి చూడండి. తలకిందుగా వేలాడే పురుగు కనిపిస్తే దాన్ని ముట్టుకోకండి, అక్కడే ఉండనివ్వండి. రైతు మేలు కోసమే అలా చెబుతున్నాను. అది ఎంత ఎత్తున వేలాడిందో, కింద ఎన్ని ఆకులున్నాయో రాసి పంపండి.

మూడో ప్రశ్న కాస్త గట్టిది. ఇంట్లో అందరూ కలిసి ఆలోచించండి. జవాబులు వచ్చే సంచికలో చూద్దాం.